మంజూరైన నీడ

మా రాళ్లపూడి పురపాలక సంఘం అంటే గిట్టనివాళ్లు ఈమధ్య నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. మే నెలలో జనాన్ని ఎండలో మాడ్చి అవార్డు కొట్టేశామట. ఆ ఫైలంతా నా చేతుల మీదుగా నడిచింది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్పడం మంచిది. నా పేరు చక్రధరం. ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఆఫీసును పట్టుకుని ఎవరైనా ఒక మాటంటే నాకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను.

గొడవంతా ఒక ఇంగ్లీషు మాటతో మొదలైంది. రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. వేసవిలో ప్రతి పట్టణమూ తన పౌరులకు తగినంత 'షేడ్' కల్పించాలి, నెలాఖరుకి తనిఖీ బృందం వస్తుంది, బాగా కల్పించిన ఊరికి 'చల్లని పట్టణం' అవార్డు ఇస్తారు. సర్క్యులర్ ఇంగ్లీషులో నాలుగు పేజీలుంది. నాలుగు పేజీలు తిరగేసినా షేడ్ అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు. నీడ అనుకోవచ్చు గదా అంటారు మీరు. మీరు ఎప్పుడూ ఆఫీసులో పనిచేసి ఉండరు. సర్క్యులర్లో ఉన్న మాటకి వీధిలో ఉన్న అర్థమే ఉంటుందని ఎవరు చెప్పారు మీకు?

మా కమిషనర్ శేషాచల వరప్రసాద్ గారు అన్ని విభాగాలవాళ్లనీ పిలిచి మీటింగు పెట్టారు. ఆయన ఇంట్లో కూడా ఫైలు భాషే మాట్లాడతారని ప్రతీతి.

"పౌరులకు షేడ్ కల్పించుటకు పూర్వము, సదరు షేడ్ అనగానేమి అను విషయమును మనము నిర్ధారించుకొనవలసియున్నది. ఒక్కొక్కరు తమ అభిప్రాయమును తెలుపవచ్చును," అన్నారు.

ఇంజనీరు పట్టాభిరామారావు ముందుగా అందుకున్నాడు. "అనుమానమెందుకు సార్? షేడ్ అంటే కిటికీ మీద వేసే రెండడుగుల స్లాబు. మా పుస్తకాల్లో దానికి ఇంకో అర్థం లేదు. బస్టాపుకి కిటికీ లేదు కాబట్టి, ముందు గోడ కట్టాలి. గోడకి కిటికీ పెట్టాలి. అప్పుడు కిటికీకి షేడ్ పోయవచ్చు."

టౌన్‌ప్లానింగ్ ఆయన ఒప్పుకోలేదు. రంగుల షాపుకి వెళ్లి షేడ్ చూపించమంటే కిటికీ చూపించరనీ, రంగుల అట్ట చేతిలో పెడతారనీ, కనక ఊరంతటికీ లేత నీలం వేయించమని సర్కారు ఉద్దేశమనీ వాదించాడు. వీధి దీపాలు చూసే ఆయన, బల్బు మీద బోర్లించే రేకు తొడుగే అసలైన షేడ్ అన్నాడు. రెవెన్యూ ఆయన మాత్రం అర్థం జోలికి పోకుండా, ఎండ పడని చోటు కప్పు కింద లెక్కేననీ, కప్పున్నాక పన్ను వేయక తప్పదనీ గుర్తుచేశాడు.

ఇక లాభం లేదని నేను డిక్షనరీ తెరిచాను. షేడ్ అన్న మాట కింద పేజీన్నర ఉంది. చదువుకుంటూ పోయాను. చెట్టు నీడ, బొమ్మలో నలుపు తేలే భాగం, ఒకింత తేడా, చనిపోయినవాడి ఆత్మ, కళ్లకి పెట్టుకునే నల్లద్దాలు. చివర్లో ఈమధ్య పుట్టిన అర్థం ఒకటి ఉంది. ఎదుటి మనిషిని సూటిగా తిట్టకుండా చులకన చేసి మాట్లాడటాన్ని కూడా కుర్రకారు షేడ్ అంటున్నారట.

"అదైతే మన కౌంటర్లో పౌరులకి ఏళ్ల తరబడి ఇస్తూనే ఉన్నాం గదా. ఆ లెక్కన అవార్డు మనదే," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ మస్తాన్ వలి. ఎవరూ నవ్వలేదు. మీటింగుల్లో ముందు కమిషనర్ గారు నవ్వాలి.

కమిషనర్ గారు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, నిర్వచనం చెప్పి నాచేత రాయించారు. 'షేడ్ అనగా, తనిఖీ సమయమునందు సూర్యరశ్మి నేరుగా సోకని, పురపాలక రికార్డులయందు నమోదైన ప్రదేశము.' ఇందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం కూడా లేదు. ఇప్పటికీ నాకు అది చదివితే ముచ్చటేస్తుంది.

తనిఖీ సమయం సంగతి మీకు చెప్పాలి. మా కమిషనర్లు ఎవరొచ్చినా పొద్దున్నే ఆరున్నరకి ఊరి మీదికి వెళతారు. చెత్త ఎత్తారా, కాలవలు తీశారా చూసుకుని, ఫోటోలు దిగి, ఎనిమిదింటికల్లా టిఫినుకి వచ్చేస్తారు. ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. పైగా వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఎండలో తిరగరాదని ప్రభుత్వమే ఆదేశాలిచ్చింది. ప్రభుత్వం వద్దన్నాక, ప్రభుత్వ ఉద్యోగులం మేమెలా తిరుగుతాం?

ఆ మర్నాడు ఆరున్నరకే ఆస్పత్రి సెంటరుకి వెళ్లాం. రోడ్డుకి తూర్పున మా మునిసిపల్ కాంప్లెక్సు, మూడంతస్తులది. పడమటి వైపు బస్టాపు. స్తంభం, దానికి బోర్డు, అంతే, పైన కప్పు లేదు. అయితేనేం, ఆ వేళకి కాంప్లెక్సు నీడ రోడ్డు దాటొచ్చి బస్టాపునంతా కప్పేసి, వెనకనున్న ఖాళీ జాగాలోకి కూడా పోయింది. కమిషనర్ గారు ఆ నీడలో నిలబడి కండువాతో మెడ తుడుచుకున్నారు.

"ఏమి విశాలమైన షేడ్. పైసా వ్యయము లేకుండ ప్రకృతి సమకూర్చినది. తక్షణమే సరిహద్దులు గుర్తించి నమోదు చేయుడు."

అప్పటికప్పుడు తెల్లరంగు తెప్పించాం. నీడ అంచు వెంబడి గీత గీశాం. మూడు సిమెంటు బల్లలు గీత లోపల పాతించాం. 'పురపాలక నీడ' అని బోర్డు పెట్టాం. ఫోటో తీసి రాజధానికి పంపితే, అక్కడి నుంచి అభినందన కూడా వచ్చింది.

ఒక్కటే చిక్కు. గీత లోపల తిరుపాలమ్మ పందిరి ఉంది. తాటాకులతో వేసిన చిన్న పందిరి. దానికింద కూర్చుని మజ్జిగ అమ్ముకుంటుంది. బస్సు కోసం వచ్చినవాళ్లంతా అందులోకే దూరతారు. మజ్జిగ తాగినా తాగకపోయినా ఆవిడ ఎవర్నీ పొమ్మనదు. ఆ పందిరి వల్ల ఫోటోలో మా నీడ అంచు తెగిపోతోంది. అదలా ఉంచితే, పట్టాభిరామారావు ఇంకో పెద్ద అభ్యంతరం లేవదీశాడు.

"సార్, నీడలో మళ్లీ నీడ. ఒకే జాగాకి రెండు నీడలు చూపిస్తే ఆడిట్‌వాళ్లు ఊరుకోరు. డూప్లికేషన్ అంటారు."

పందిరి తీసెయ్యమని నోటీసు నేనే రాసి తీసుకెళ్లాను. తిరుపాలమ్మ నోటీసు చేతిలోకి తీసుకోలేదు. గ్లాసులు కడుగుతూనే మాట్లాడింది.

"ఏందయ్యా గుమస్తాగారూ, ఈ మేడ నీడ తొమ్మిదింటికల్లా పోద్దిగా. ఆ తర్వాత జనం యాడ నిలబడాల? పందిరి పీకితే నేను మాత్రం యాడికి పోవాల?"

"నీడ ఎక్కడికీ పోదు. నమోదైంది," అన్నాను.

"నమోదైతే మాత్రం? అడుగో, ఆ పెద్దాయన్ని అడుగు."

పక్కనే ఓబులేసు తాత కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల నొప్పులకి ఆస్పత్రిలో చూపించుకుని, పన్నెండింటి బస్సుకి కొండ్రముట్ల వెళ్లే మనిషి. రెండురోజులకోసారి వస్తాడు. చేతిలో నల్ల గొడుగు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ అమ్మ పందిరి లేకపోతే నేను బస్సు ఎక్కేదాకా బతకను నాయనా. పీకమాకండి," అన్నాడు.

నాకు తెలియదా నీడ జరుగుతుందని? నేనూ ఈ ఊళ్లోనే పుట్టాను. కాని ఆఫీసులో నాకు తెలిసింది వేరు, రికార్డుకి తెలిసింది వేరు. రికార్డుకి తెలియాలంటే ఎవరో ఒక అధికారి మధ్యాహ్నం వెళ్లి చూడాలి. మధ్యాహ్నం వెళ్లకూడదు. కాబట్టి తెలియడానికి దారి లేదు. ఇది ఆవిడకి ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. సరే, అవార్డు బృందం వచ్చేదాకా చూద్దామని తిరిగొచ్చాను.

వారం తిరగకుండానే ఫిర్యాదు వచ్చింది. మంజూరైన నీడని లబ్ధిదారులు వాడుకోవడం లేదట. తొమ్మిది దాటగానే బల్లలు వదిలేసి, గుంపుగా తిరుపాలమ్మ పందిరిలోకి పోతున్నారట. ఎంత కృతఘ్నతో చూడండి. మేము బల్లలు వేసింది ఎవరి కోసం? కమిషనర్ గారు చాలా నొచ్చుకున్నారు. దానియేలు అనే జవానుకి ఈల ఇచ్చి, షేడ్ మానిటర్‌గా అక్కడ నిలబెట్టారు. పందిరిలోకి దూరినవాళ్లని మళ్లీ తెచ్చి బల్లల మీద కూర్చోబెట్టడం అతని పని. అతను పాపం కాంప్లెక్సు మెట్ల కింద నిలబడి ఈల ఊదేవాడు.

బల్లల మీద కూర్చున్నవాళ్లు గొడుగులు తెరిచారు. దీని మీద మళ్లీ మీటింగు పెట్టాల్సి వచ్చింది.

"ఎండలో గొడుగు తెరుచుట సహజము. నీడలో గొడుగు తెరుచుట యనగా, ప్రభుత్వ నీడపై అవిశ్వాసము ప్రకటించుటయే. దీనిని ఉపేక్షించినచో రేపు వర్షములో కూడ ప్రజలు మనలను నమ్మరు," అన్నారు కమిషనర్ గారు.

దాంతో గీత లోపల గొడుగులు నిషేధించాం. దానియేలు మొదటిరోజు పట్టుకొచ్చిన గొడుగుల్లో ఓబులేసు తాతది కూడా ఉంది. వాటన్నిటినీ స్టోరులో భద్రంగా పెట్టాం, ఒక్కటి కూడా పోలేదు.

ఈలోగా మస్తాన్ వలి ఇంకో సంగతి మోసుకొచ్చాడు. సాయంత్రం పూట కాంప్లెక్సు నీడ తూర్పుకి తిరిగి, వెనకనున్న సైకిల్ స్టాండు మీద పడుతోందట. అంటే మునిసిపాలిటీ ఆస్తిని ఒక ప్రైవేటు మనిషి రోజూ నాలుగింటి నుంచి చీకటి పడేదాకా అనుభవిస్తున్నాడన్నమాట. స్టాండు యజమానికి నోటీసిచ్చాం. అతను లబోదిబోమంటూ వచ్చి, నీడని నేను రమ్మనలేదు, కావాలంటే తీసుకుపొండి అన్నాడు. తీసుకెళ్లడానికి రవాణా ఖర్చుల పద్దు లేదని ఫైలు పక్కన పెట్టాం.

తనిఖీ బృందం రేపొస్తుందనగా కమిషనర్ గారు నన్ను పిలిచి, పందిరి ఇంకా ఎందుకుందని అడిగారు. ఇక తప్పలేదు. సాయంత్రం లారీ తీసుకెళ్లి పీకించేశాం. తిరుపాలమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తాటాకులు లారీలోకి విసురుతుంటే చూస్తూ నిలబడి, "మీ కడుపులు చల్లగుండ," అంది. దీవించిందో తిట్టిందో నాకర్థం కాలేదు. బహుశా అదే ఆ కుర్రకారు చెప్పే షేడ్ అయుంటుంది.

బృందం ఏడింటికి రావాలి. జాయింట్ డైరెక్టర్ గారి కారు దారిలో ఆగిపోయింది. బాగుచేయించుకుని, దార్లో టిఫిను చేసి వచ్చేసరికి పన్నెండున్నర. మేము ఏడింటి నుంచి గీత లోపల షామియానా కూడా లేకుండా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నీడలో షామియానా వేస్తే డూప్లికేషన్ గదా.

జాయింట్ డైరెక్టర్ గారు కారు దిగి బోర్డు చదివారు. గీత చూశారు. తలెత్తి పైకి చూడబోయి, చూడలేక మానుకున్నారు. "ఇదేనా షేడ్?" అన్నారు.

"అవునండి. తమరు నిలిచియున్నది మంజూరైన నీడయందే," అన్నారు కమిషనర్ గారు. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

జాయింట్ డైరెక్టర్ గారు మేం పంపిన ఫోటో తీసి చూసుకున్నారు. అందులో నీడ చిక్కగా ఉంది. కింద రాజధానివాళ్ల సంతకం ఉంది. అది కాదంటే ఆ సంతకం పెట్టినవాళ్లని కాదన్నట్టు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "బాగుంది. చల్లగానే ఉంది," అన్నారు. అందరం ఔనంటే ఔనన్నాం. పట్టాభిరామారావైతే చేతులు రుద్దుకున్నాడు కూడా.

తరవాత ఉపన్యాసం. కమిషనర్ గారు లేచి, "ఈ శీతల ఛాయయందు..." అంటూ మొదలుపెట్టి, ఆ మాట దగ్గరే ఆగి, అలా పక్కకి ఒరిగిపోయారు. ఎదురుగానే ఆస్పత్రి. నలుగురం మోసుకెళ్లాం. డాక్టర్ హైమావతి గారు ఒళ్లు ముట్టుకుని చూసి, "ఇది వడదెబ్బ. ముందు తడిగుడ్డలు కప్పండి, ఐసు తెప్పించండి," అంది.

కమిషనర్ గారికి అప్పుడే కొంచెం తెలివొచ్చింది. ఎంతటి మనిషో చూడండి, ఆ స్థితిలో కూడా ఆఫీసును మర్చిపోలేదు. "వడదెబ్బ అని వ్రాయరాదు. నేను... నీడలో... ఉంటిని," అన్నారు.

గుమ్మంలో జాయింట్ డైరెక్టర్ గారు నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ ఆయన వంక చూసింది. ఆయన నా వంక చూశారు. నేను డిక్షనరీ మనిషిని కాబట్టి దారి చెప్పాను. నీడలో ఉన్నవాడికి వడదెబ్బ తగలదు. నీడ ఎక్కువైతే తగిలేది చలి. కేసు కాగితం మీద 'అధిక నీడ వలన చలి' అని రాశారు. రాశాక వైద్యం కూడా దానికి తగ్గట్టే ఉండాలి గదా. సర్కారు దుప్పటి ఒకటి కప్పారు. అయితే మునిసిపల్ కమిషనర్ కాబట్టి, దుప్పటి కింద ఐసుముక్కలు పెట్టారు. మూడోరోజుకి లేచి తిరిగారు.

అవార్డు మాకే వచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. 'నమోదైన షేడ్ పరిధిలోని వ్యక్తులకు వడదెబ్బ తగులు అవకాశము లేనందున, అట్టి కేసులను రాళ్లపూడి పద్ధతిలో నమోదు చేయవలెను.' మా ఊరి పేరుతో ఒక పద్ధతి. గర్వంగా ఉండదా?

ఆ తరవాతి సోమవారం నేను ఆస్పత్రికి ఏదో సంతకం కోసం వెళ్లాను. వార్డులో తిరుపాలమ్మ గొంతు వినిపించింది. మంచం మీద ఓబులేసు తాత. బల్ల మీద కూర్చుని బస్సు కోసం చూస్తూ పడిపోతే, ఆవిడే రిక్షాలో వేసుకొచ్చింది. తాత మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ దాన్ని లాగేస్తోంది, నర్సు మళ్లీ కప్పుతోంది.

"అమ్మా, ఆయన ఒళ్లు పెనంలాగా కాలిపోతావుంది. నీళ్లు పొయ్యండమ్మా. ఈ దుప్పటేంది, మీకు కళ్లు లేవా," అంటోంది తిరుపాలమ్మ.

డాక్టర్ హైమావతి గారు తల వంచుకుని ఉంది. చేతిలో ఉత్తర్వు. నన్ను చూసి, "ఎక్కడ పడిపోయాడండీ? గీత లోపలా, బయటా?" అని అడిగింది. ఆమె గొంతులో ఆశ వినిపించింది. బయట అంటే చాలు, ఐసు తెప్పించేది.

"లోపలే," అన్నాను. బల్ల గీత లోపలే ఉంది మరి. నేనే పాతించాను.

డాక్టరమ్మ ఉత్తర్వు బల్ల మీద పడేసి, తనే కూజా ఎత్తి తాత మొహాన నీళ్లు గుమ్మరించింది. అప్పటికి ఆలస్యమైపోయింది. పన్నెండింటి బస్సు కింద హారన్ కొట్టి వెళ్లిపోయింది. దుప్పటి తాత మొహం మీదికి జరిపారు.

ఆ వేసవిలో మా ఊళ్లో వడదెబ్బ మరణాలు ఒక్కటీ లేవు. రాష్ట్రంలో అలాంటి ఊరు ఇంకోటి లేదని పేపర్లో వేశారు. చలికి మాత్రం ఒకరు పోయారు.

కబురందుకుని, ఆ మధ్యాహ్నమే శవాన్ని తీసుకెళ్లడానికి కొండ్రముట్ల నుంచి తాత కూతురు వచ్చింది. ఆమె తండ్రి మీద పంచె కప్పి తీసుకెళ్లింది. దుప్పటి మంచం మీదే మిగిలిపోయింది. తిరుపాలమ్మ దాన్ని మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. నేను వెంటపడ్డాను. అది ప్రభుత్వ ఆస్తి, మూలన ముద్ర కూడా ఉంది.

ఆవిడ బస్టాపుకి వెళ్లి, పాత పందిరి గుంటల్లో నాలుగు కర్రలు పాతి, దుప్పటి నాలుగు మూలలూ వాటికి కట్టింది. బల్లల మీదివాళ్లంతా ఒక్కొక్కరే లేచి దానికిందికి వచ్చారు. దానియేలు మెట్ల కింద నుంచి చూశాడు. ఈల నోట్లో పెట్టుకున్నాడు గాని ఊదలేదు.

"ఇది తీసెయ్యాలి తిరుపాలమ్మా. నేను రిపోర్టు రాయాల్సి వస్తుంది," అన్నాను.

ఆవిడ ముడి బిగించి నా వైపు తిరిగింది. "ఏమని రాస్తావయ్యా? మధ్యాహ్నం రెండింటికి చూశానని రాస్తావా? ఈ వేళప్పుడు నువ్వు ఎండలోకి రాకూడదుగా. పొద్దున ఆరున్నరకి వచ్చి చూడండి, మడిచి దాచిపెడతా. మీ నీడ మీకుంటుంది."

ఎండకి నా నాలుక పిడచగట్టుకుపోయింది. కాళ్ల కింద తెల్లగీత నిప్పుల్లా కాలుతోంది. ఆవిడ కాస్త పక్కకి జరిగి చోటిచ్చి, గ్లాసు నా చేతిలో పెట్టింది. కూర్చున్నాను. తలపైన దుప్పటిలో తాత మొహాన్ని కప్పిన చోట నీళ్ల మరక ఇంకా ఆరలేదు.

దీని గురించి రిపోర్టేమీ రాయలేదు. రికార్డు ప్రకారం ఆ వేళకి నేనక్కడ లేను.